కాటా మీద సునంద

ఎండలో చెమట పట్టించుకోవడానికి ఫీజు కట్టి మరీ పేరు రాయించుకునేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండేది. అబిడ్స్ ఫుట్‌పాత్ మీద మావాళ్లకు ఆ చెమట రోజూ ఉచితంగానే పడుతోంది. పొద్దున తొమ్మిదికి పట్టా పరిచి కూర్చుంటే రాత్రి తొమ్మిదికి లేస్తారు. వాళ్ల మెడలో ఎవడూ పతకం వేయలేదు. అందుకే పెద్ద పోస్టాఫీసు దాటాక పిల్లల బట్టలమ్మే సునంద వచ్చి, "కిషనన్నా, జూన్‌ల ట్రయథ్లాన్ ఉన్నదట, నేను పేరిస్తున్న" అన్నప్పుడు పడీపడీ నవ్వాను. ఫుట్‌పాత్ వ్యాపారుల సంఘానికి పద్నాలుగేళ్లుగా కార్యదర్శిని. నవ్వే హక్కు నాకుందనుకున్నాను.

"ఏందది? తినేదా?"

"ఈత, సైకిల్, ఉరుకుడు. ఒకదానెంక ఒకటి. నడుమ కూసునుడు లేదు."

"ఎంత దూరం?"

"ఈత రెండు కిలోమీటర్లకు జర తక్కువ. సైకిల్ తొంభై. ఉరుకుడు ఇరవై ఒకటి."

"గంత దూరం బస్సుల పోతే సరిపోదా?"

"నవ్వు నవ్వు. నీ ధర్నాల పొద్దటి నుంచి పొద్దూకేదాక ఎండల కూసున్నప్పుడు నేను నవ్విన్నా?"

 నవ్వాపి, ఎందుకు చేస్తున్నావని అడిగాను. పేపర్లో ఫోటో కోసమా, పిల్లలకు గొప్పగా చూపించుకోవడానికా? నాకు తెలిసిన కారణాలన్నీ అడిగాను. ఆమె ఒక చిన్న గౌను మడత పెడుతూ, "నాకు బుద్ధి పుట్టింది. గంతే" అంది. ముప్పై ఎనిమిదేళ్ల మనిషి. ఆ ముక్క చెప్పడానికి ఇంకొకళ్ల అనుమతి తీసుకోలేదు. అది నాకు నచ్చింది, కానీ ఆ రోజు చెప్పలేదు.

ఆమెకు ఈ పిచ్చి ఎక్కించినవాడు శ్రీరామమూర్తి సార్. ఒక బడిలో వ్యాయామం పంతులుగా చేసి రిటైరై, నాంపల్లి గల్లీలో ఉంటాడు. వాళ్ల నాన్న గుంటూరు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. సార్ పుట్టింది ఇక్కడే అయినా మాట మాత్రం అటువైపుదే. ఒకరోజు స్టాంపులు కొనడానికి పోస్టాఫీసుకు వచ్చాడట. అదే సమయానికి ఫుట్‌పాత్ ఖాళీ చేయించే బండి వచ్చింది. బండి వస్తే మావాళ్లేం చేస్తారో అబిడ్స్‌లో అందరికీ తెలుసు. నాలుగు కొసలు పట్టుకొని పట్టాను మూట కట్టి, నెత్తిన పెట్టుకొని ఉరుకుతారు. సునంద ఇరవై కిలోల మూటతో రోడ్డు దాటి, గోడ పక్క సందులో పడి, మగవాళ్లందరికన్నా ముందు మాయమైంది. సార్ మరునాడు వచ్చి ఆమె ముందు నిలబడ్డాడు.

"నీ పేరేంటమ్మా? పరుగెత్తేటప్పుడు మడమ నేలకు ఆనించవు, ఎవరు నేర్పారు?"

"బండి నేర్పింది సార్" అందట సునంద.

సైకిల్ ఆమెకు కొత్త కాదు. గౌలిగూడ గోదాం నుంచి బట్టల మూటలు సైకిల్ మీదే తెచ్చుకుంటుంది. ఇక ఈత. ఆమెది జనగామ అవతల ఊరు. పొలం బావిలో నడుముకు సొరకాయ బుర్ర కట్టుకొని నేర్చుకుంది, ఎనిమిదేళ్ల వయసులో. మునిసిపల్ ఈతకొలనులో మొదటి రోజు ఆమె మోటబావిలో దూకినట్టు దూకితే అక్కడి కాపలాదారు ఈల వేసి బయటికి రమ్మన్నాడట. బయటికొచ్చేసరికి అవతలి గట్టు మీద ఉంది.

జట్టులో మొత్తం ముగ్గురు. సునంద, ఆటో నడిపే ఎల్లేష్, కంప్యూటర్ ఉద్యోగం చేసే కార్తీక్. కార్తీక్ సార్‌కు పాత శిష్యుడు. వాడి కొత్త సైకిల్ తీగలాగా ఉంటుంది, రెండు వేళ్లతో లేపొచ్చు. పాతది సునందకిచ్చాడు. ముగ్గురిలో ఎవరి పేర్లు పంపాలో సార్ చెప్పాలి. పోటీ ఊరికి దూరంగా ఒక రిజర్వాయర్ దగ్గర, జూన్ మొదటి వారంలో. ఎండలో పెట్టడమే దాని గొప్పట. అందుకని సార్ వీళ్లను ఎండలోనే తయారుచేశాడు. లోకమంతా ఆదివారం పొడుగు దూరాలు చేస్తారు. ఆదివారం మా ఫుట్‌పాత్‌కు పండగ, సునంద పట్టా వదిలి రావడానికి వీలుండదు. అందుకని జట్టంతా సోమవారానికి మారింది. ఒక బట్టలమ్మే మనిషి కోసం ఇంకో ఇద్దరు తమ వారం మార్చుకోవడం నా పద్నాలుగేళ్ల సంఘంలో నేను సాధించలేకపోయిన పని. సిగ్గుపడి, నేనూ పోయాను. నాకు ఈత రాదు, ఉరకలేను. స్కూటర్ మీద నీళ్ల క్యాను పెట్టుకొని మొజంజాహీ మార్కెట్ దగ్గర నిలబడేవాణ్ని.

సోమవారం కార్యక్రమం ఇలా ఉండేది. పొద్దున ఐదుకు ఈత. ఆరుకు సైకిల్. మొజంజాహీ మార్కెట్ నుంచి అబిడ్స్, అక్కడి నుంచి ట్యాంక్‌బండ్, సాగరం చుట్టూ తిరిగి లక్డీకాపూల్, నాంపల్లి మీదుగా మళ్లీ మార్కెట్. అలా ఏడు చుట్లు. పదింటికి సైకిల్ దిగి పరుగు. మార్కెట్ నుంచి స్టేషన్ ముందుగా పబ్లిక్ గార్డెన్ దాకా పోయి రావడం, నాలుగుసార్లు. పన్నెండున్నర లోపల ముగించాలి. మే నెల. పదకొండు దాటితే తారు మీద చెప్పు అంటుకునేది. బస్సులు, ఆటోలు, హారన్లు, దారికి అడ్డంగా తోపుడు బళ్లు. వీటి మధ్యలో ముగ్గురు మనుషులు ఉరుకుతుంటే జనం దొంగలనుకున్నారు మొదట్లో. ఒకాయన ఎల్లేష్‌ను పట్టుకున్నాడు కూడా.

సార్‌కు ఒకటే నియమం. మొదలుపెట్టే ముందు, ముగించాక, పొడి బట్టల్లో కాటా ఎక్కాలి. మార్కెట్‌లో బిచ్చయ్య దుకాణంలో మామిడిపండ్ల పెట్టెలు తూచే పెద్ద కాటా ఉంది. ఎంత తగ్గారో అంత నీళ్లు ఒంట్లోంచి పోయినట్టు. సునంద బరువుకు కిలోన్నర వరకు ఫరవాలేదు, అది దాటితే ప్రమాదం అని సార్ లెక్క. దారిలో ప్రతి చుట్టుకూ ఒక బాటిల్ ఖాళీ చేయాలి. నీళ్లలో ఉప్పు, చక్కెర, నిమ్మరసం. కలిపేది నేనే.

"సునందక్క, యాభైనాలుగు కిలోల రెండువందలు" అని బిచ్చయ్య పెట్టెల మీద నుంచి అరిచేవాడు. "ఏ తోటదో గని పండు గట్టిగున్నది!"

"నిన్ను జోకితే పండు గాదు, టెంకే ఉంటది" అనేది సునంద.

మే రెండో సోమవారం ఆమె పడిపోయింది.

ఈతలో అందరికన్నా ముందు బయటికొచ్చింది. సైకిల్ మీద కార్తీక్ తర్వాత ఆమే. ప్రతి చుట్టుకూ ఖాళీ బాటిల్ నా చేతికిచ్చి నిండింది తీసుకుంది. పరుగు మూడోసారికి, స్టేషన్ ముందు ఆటోల వరుస దగ్గర, కాలి పిక్క గట్టిపడి ఆగింది. వెనుక వస్తున్న ఎల్లేష్ దగ్గరికి పోయేలోపు మోకాళ్ల మీద కూలబడింది. నాకు ఫోన్ చేశాడు. నేను పోయేసరికి ఆమె ముఖాన చెమట లేదు. అదే భయపెట్టింది. ఒళ్లు కాలుతోంది, చెమట లేదు. కళ్లు నన్నే చూస్తున్నాయి కానీ గుర్తుపట్టడం లేదు. ఆటోలో వేసుకొని దవాఖానకు తీసుకుపోయాం. దారిపొడుగునా నా క్యానులో నీళ్లు ఆమె మీద గుమ్మరిస్తూనే ఉన్నాం.

రెండు సెలైన్లు ఎక్కాక మనిషి మనిషైంది. డాక్టరమ్మ అడిగింది.

"మూత్రానికి ఎప్పుడు వెళ్లారు?"

"పొద్దుగాల నాలుగింటికి."

"నీళ్లు తాగలేదా?"

సునంద నోరు తెరిచేలోపే నేనే ఎగబడ్డాను. "తొమ్మిది బాటిళ్లు ఖాళీ చేసింది మేడమ్! నేనే నింపి ఇచ్చిన!"

డాక్టరమ్మ నన్ను కాదు, ఆమెను చూసింది. సునంద గోడవైపు తిరిగింది. ఆ రోజు ఆమెను బిచ్చయ్య కాటా ఎక్కించడం కుదరలేదు కానీ దవాఖాన వాళ్లు సెలైన్ ఎక్కించక ముందు జోకారు. యాభై కిలోల ఆరువందలు. మూడు కిలోల ఆరువందలు పోయింది ఆ చిన్న ఒంట్లోంచి.

అందరూ బయటికి పోయాక నాతో చెప్పింది.

"తాగలే అన్నా. పుక్కిలించి ఉమ్మిన. తక్కింది నెత్తి మీద పోసుకున్న."

"ఎందుకే? విషమా అది?"

"నీళ్లు గొంతు కాడికి రాంగనే భయమైతది. ఇప్పుడు తాగితే ఏడికి పోవాలె అని. పదిహేడేండ్ల సంది గంతే. పొద్దుగాల చాయ తాగుత. ఇంటికి పోయినంక చెంబెడు నీళ్లు తాగుత. నడుమ లేదు. దూప అయితే చక్కెర బిళ్ల సప్పరిస్త."

"ఫుట్‌పాత్ మీద అందరు గింతేనా?"

"ఆడోళ్లందరు గింతే. మీకేంది, గోడ ఉన్నది. మేము గిరాకీ ఇడిసిపెట్టి ఎవలింటికి పోవాలె? లక్ష్మీనర్సమ్మకు రెండుసార్లు రాళ్లు తీసిన్రు. ఎందుకొచ్చినయనుకున్నవ్?"

లక్ష్మీనర్సమ్మ ఆమె పక్కనే పిన్నీసులు, రిబ్బన్లు అమ్ముతుంది. అరవై దాటింది. కిడ్నీలో రాళ్లని తెలుసు. పండ్లు కూడా తీసుకుపోయి పరామర్శించాను. ఎందుకొచ్చాయో నాకు తట్టలేదు.

"నాకెన్నడు చెప్పలేదేందే?"

"నువ్వెన్నడు అడిగినవ్?"

పద్నాలుగేళ్లలో నేను రాసిన వినతిపత్రాలు ఒక సంచికి సరిపోతాయి. జాగా గురించి రాశాను. గుర్తింపు కార్డు గురించి రాశాను. గొడుగుల రంగు గురించి కూడా రాశాను, ఆ ముచ్చట మీద మూడు గంటలు మీటింగు పెట్టాను. మా సంఘంలో సగంమంది ఆడవాళ్లు. వాళ్లు పొద్దంతా నీళ్లు తాగరని నాకు తెలియదు. తెలియదంటే అడగలేదు. అంతే, దానికి వేరే పేరు లేదు.

సార్ మరునాడు వచ్చాడు. నేను కారణం చెప్పాను.  ఆయన సునంద వైపు తిరిగి అన్నాడు.

"నీ తప్పు కాదని నాకు తెలిసింది. కానీ నీ ఒంటికి తెలియదు. ఎండకు అసలే తెలియదు. ఇలాగే పోటీకి పోతే నువ్వు తిరిగిరావు."

"తాగుడు నేర్చుకుంట సార్."

"పదిహేడేళ్ల అలవాటమ్మా. రెండు వారాలే ఉంది. ఇరవైయేడో తారీకు మళ్లీ మొత్తం చేద్దాం. పన్నెండున్నర లోపల ముగించాలి, కాటా మీద కిలోన్నర దాటకూడదు. రెండిట్లో ఏది తప్పినా నీ పేరు పంపను. బతిమాలితే కూడా పంపను."

"బతిమాలుడు నాకు రాదు సార్" అంది.

మిగతావాళ్లు పరుగు నేర్చుకున్నట్టు ఆమె నీళ్లు తాగడం నేర్చుకుంది. పట్టా పక్కన స్టీలు గ్లాసు పెట్టుకుంది. అరగంటకొకసారి ఒక గ్లాసు. మొదటిరోజు రెండో గ్లాసుకే కక్కింది. మూడోరోజు ఐదు గ్లాసులు నిలిచాయి. గొంతు ఒప్పుకుంటే సరిపోదు కదా. గంటన్నరకొకసారి లేవాలి. దగ్గరలో బాత్‌రూం ఉన్నది నాంపల్లి స్టేషన్‌లోనే. గిరాకీ లక్ష్మీనర్సమ్మకు అప్పజెప్పి స్టేషన్‌కు ఉరికేది, ఉరికొచ్చేది. "ఇది గూడ ట్రెయినింగే" అని ఎల్లేష్ ఎగతాళి చేశాడు. కానీ రోజుకు ఆరుసార్లు ఉరికితే బేరాలేం కావాలి?

ఆమె కూర్చునే చోటికి సరిగ్గా వెనుక ఒక పెద్ద చీరల దుకాణం. మూడంతస్తులు. మేనేజర్ జగన్మోహనరావు చెడ్డవాడు కాదు, పండగకు మావాళ్లందరికీ స్వీటు డబ్బాలిస్తాడు. సునంద పోయి, బాత్‌రూం వాడుకోనిమ్మని అడిగింది. అది కస్టమర్లకమ్మా, బయటివాళ్లకు ఇవ్వకూడదని మా రూలు, అన్నాడు మర్యాదగానే.

మరునాడు సంగతి తెలిసి నేను జెండాలు బయటికి తీశాను. రేపు పదకొండింటికి దుకాణం ముందు బైఠాయింపు అన్నాను. సునంద గ్లాసు కింద పెట్టింది.

"జెండా తర్వాత తియ్యి అన్నా. నాకిప్పుడొస్తున్నది."

లేచి చెప్పులిప్పి దుకాణంలోకి నడిచింది. నేను వెనుకే పోయాను. పెళ్లిళ్ల సీజను. కింద పరుపుల మీద ఒక పెళ్లివారు పన్నెండుమంది కూర్చొని పట్టుచీరలు విప్పించుకుంటున్నారు. సునంద సరిగ్గా వాళ్ల మధ్యలో నిలబడి, బేరమాడే గొంతుతో అంది.

"జగన్మోహనరావు సార్! ఒంటికొస్తున్నది."

దుకాణం మొత్తం తిరిగి చూసింది. ఆయన పరుగున వచ్చాడు. "మెల్లగా అమ్మా, మెల్లగా. నిన్న చెప్పాను కదా..."

"పదిహేడేండ్ల సంది మీ షట్టర్ ముంగట కూసుంటున్న. మీ దుకాణం ఏడుందని అడిగినోళ్లందరికి చెయ్యి చూపిచ్చేది నేనే. మీ బాత్‌రూం ఏడుందో మీరు నాకు ఒక్కసారి చెయ్యి చూపియ్యిన్రి. లేదంటే గీడనే కూసుంట. మీ ఇష్టం."

పెళ్లివారిలో ఒక ముసలామె, పెళ్లికూతురి నాయనమ్మ కాబోలు, ఒళ్లో చీర పక్కకు నెట్టింది.

"ఆడమనిషి నోరు తెరిచి అడుగుతుంటే రూలేంటయ్యా, రూలు? పొద్దుటినుంచి నేనూ బిగబట్టుకుని కూర్చున్నా, అడగడానికి మొహమాటమేసి. పదమ్మాయ్, ఎటో చూసి చెప్పు. నా మోకాళ్లు బాగోలేవు, కాస్త పట్టుకో."

ఇద్దరూ చేయి చేయి పట్టుకొని మేడమెట్ల వైపు పోయారు. జగన్మోహనరావు నన్ను చూశాడు. నేను ఆయన్ను చూశాను. నా చేతిలో జెండా కర్ర ఉంది, దాన్ని ఏం చేసుకోవాలో తెలియక చీరల బీరువాకు ఆనించాను.

మరునాడు లక్ష్మీనర్సమ్మ "నేను గూడ వస్తనే" అని లేచింది. శనివారానికల్లా పదకొండుమంది. ఇద్దరిద్దరుగా రండమ్మా, గుంపుగా వస్తే గిరాకీ బెదురుతుంది, అన్నాడు జగన్మోహనరావు. సరే అన్నారు. నేను ఒక్క కరపత్రం కూడా రాయలేదు. నా సంఘానికి సంబంధించిన అతి పెద్ద గెలుపు నేను జెండా పట్టుకొని వెనుక నిలబడగా జరిగిపోయింది. చెప్పుకోవడానికి నాకేమీ నామోషీ లేదు.

ఇరవైయేడో తారీకు సోమవారం. నలభైమూడు దాటుతుందని ముందురోజే చెప్పారు. బిచ్చయ్య కాటా మీద సునంద యాభైనాలుగు కిలోల ఆరువందలు.

"నాలుగువందలు బరువెక్కినవ్ అక్కా!"

"నీళ్లురా. లోపల చెరువున్నది."

ఆ రోజు నాకు ఆమె సైకిల్ తొక్కడం కన్నా ఆగడం ఎక్కువ గుర్తుంది. పోటీలో ఉన్న మనిషి ఆగడమంటే ప్రాణం మీదికొస్తుంది. పక్కవాడు దాటిపోతుంటాడు. రెండో చుట్టులో లక్డీకాపూల్ పెట్రోల్ బంకులో ఆగింది. కార్తీక్, ఎల్లేష్ ఇద్దరూ దాటిపోయారు. నాలుగో చుట్టులో నాంపల్లి స్టేషన్‌లో ఆగింది. ఆరులో మళ్లీ బంకు. ప్రతిసారీ నాలుగైదు నిమిషాలు. మార్కెట్ మూలమీద సార్ గడియారం పట్టుకొని నిలబడి పళ్లు కొరుకుతున్నాడు. ఆమె మాత్రం నా ముందుకొచ్చి, సైకిల్ మీదే ఒక కాలు కింద పెట్టి, బాటిల్ మూత తీసి, నా కళ్లలోకి చూస్తూ గటగటా తాగింది. చుక్క కింద పడనియ్యలేదు. ఏడు చుట్లూ అలాగే. ఖాళీ బాటిల్ బోర్లించి చూపించి పోయేది.

సైకిల్ దిగేసరికి మగవాళ్లిద్దరికన్నా పన్నెండు నిమిషాలు వెనుక.

"ఎక్కువ తాగుతున్నదేమో సార్?" అన్నాను.

"నోర్ముయ్యి" అన్నాడు సార్. ఆయన నన్నలా అనడం అదే మొదటిసారి.

పరుగు. పదకొండున్నరకు రోడ్డు మీద నీడ అనేది లేకుండా పోయింది. స్టేషన్ ముందు ఆటోవాళ్లకు ఇప్పుడు ఆమె తెలుసు. కిందటిసారి అక్కడే పడింది కదా. ఒక ముసలి ఆటోవాలా లేచి నిలబడి, "జర దేఖ్‌కే బేటీ, ఆహిస్తా!" అన్నాడు, చూసుకొని మెల్లగా పొమ్మని. "ఆహిస్తా పోతే పేరు పంపడు చాచా!" అని అరిచి పోయింది. మూడోసారి వస్తుంటే ఎల్లేష్ నడక మీద ఉన్నాడు. పిక్కలు పట్టేశాయి. అతని పక్కకొచ్చి తన బాటిల్ ఇచ్చింది.

"తాగు. ఏడికన్న పోవాలంటే స్టేషన్‌ల ఎడమదిక్కున్నది. నాకన్ని ఎరికే."

వాడు నవ్వలేక నవ్వాడు. ఆమె పోయింది.

నాలుగోసారి మార్కెట్ గడియారం కిందికి వచ్చేసరికి పన్నెండు ఇరవైనాలుగు. ముఖం ఎర్రగా ఉంది, చెమట ధారగా కారుతోంది. ఆ చెమటను చూసి నాకు కడుపు నిండింది. ఒక షరతు దాటింది. ఇక కాటా. పొడి బట్టలు మార్చుకోవాలి. మగవాళ్లు ఎల్లేష్ ఆటో చాటున మార్చుకుంటారు. సునంద స్కూటర్ మీద నా వెనుక కూర్చుంది, అబిడ్స్‌లో చీరల దుకాణానికి పోయాం. మార్చుకొని వచ్చింది. ఆమె వెంట లక్ష్మీనర్సమ్మ కూడా రిబ్బన్ల డబ్బా ఎవరికో అప్పజెప్పి వచ్చి మా ఇద్దరి మధ్య ఇరుక్కుంది. ముగ్గురం ఒక స్కూటర్ మీద మార్కెట్‌కు వచ్చాం.

కాటా చుట్టూ పండ్లవాళ్లు మూగారు. సునంద ఎక్కింది. అంకెలు కాసేపు అటూ ఇటూ ఊగి నిలిచాయి.

యాభైరెండు కిలోల తొమ్మిదివందలు.

సార్ కాగితం మీద తీసివేత వేశాడు. మళ్లీ వేశాడు. మూడోసారి వేయడానికి పోయి ఆగాడు.

"కిలో ఏడువందలు" అన్నాడు.

 బిచ్చయ్య కాటాను కాలితో తట్టాడు. "ఇది ఒక్కొక్కసారి తప్పు చూపిస్తది సార్. మామిడికాయలకు గూడ..."

"వద్దు బిచ్చయ్యా" అన్నాడు సార్. ఆయన ముఖం చూడలేకపోయాను. బతిమాలినా పంపనన్నాడు. ఇక్కడ బతిమాలేవాళ్లు కూడా లేరు. సునంద కాటా దిగలేదు. అంకెలనే చూస్తూ నిలబడింది.

లక్ష్మీనర్సమ్మ ముందుకొచ్చింది. "ఏమే, గా దుకాణంల బట్టలు మార్చుకునేటప్పుడు ఒంటికి పోయినవా?"

"ఔ. పోయిన."

"నీ మొఖం మండ! జరసేపు ఆపుకుంటే ఏం పోయేది? పదిహేడేండ్లు ఆపుకున్నదానివి పది నిమిషాలు ఆపుకోలేకపోయినవా? రెండువందల గ్రాములకు పేరు పోగొట్టుకున్నవ్ గదనే!"

"ఎరికే పెద్దమ్మా. కాటా ఎక్కాలని గూడ ఎరికే. ఆపుకుంటే ఆగేదే." సునంద అంకెల మీంచి తలెత్తి ఆమెను చూసింది. "ఆపుకోవద్దనుకున్న. ఇగ ఆపుకోను."

సార్ కళ్లజోడు తీశాడు.

"ఆగు. ఎప్పుడెళ్లావ్? పరుగు అయ్యాకా?"

"ఔ సార్. ఇప్పుడే."

"కొంచెమా?"

"మంచిగనే అయింది."

"రంగు?"

పండ్లవాళ్లు గొల్లున నవ్వారు. సార్ వాళ్లవైపు తిరిగి, బడిలో పిల్లల్ని అరిచినట్టు అరిచాడు. "నవ్వకండిరా! రంగు ఎలా ఉందో చెప్పమ్మా."

"నిమ్మకాయ నీళ్ల తీరు. పల్చగ."

సార్ కార్తీక్‌ను చూశాడు. "నువ్వెప్పుడు వెళ్లావురా?"

కార్తీక్ తల గోక్కున్నాడు. "పొద్దున... ఈతకు ముందు సార్."

"ఎల్లేష్?"

"నాకు యాదికి లేదు సార్."

"ముందు ఇద్దరూ కూర్చుని చెరో రెండు బాటిళ్లు తాగండి." ఆయన మళ్లీ కాగితం తీశాడు. "ఈ ఎండలో సైకిల్, పరుగు అన్నీ అయ్యాక ఒంట్లోంచి తెల్లగా పోయిందంటే ఆ ఒంట్లో నీళ్లు సరిపడా ఉన్నట్టే. ఆపుకుని ఉంటే నా కాటా శభాష్ అనేది. కిలో నాలుగొందలో ఎంతో చూపించేది, ఆపుకున్న సంగతి తెలియక నేనూ మోసపోయేవాణ్ని. ఇరవైయేళ్లుగా పిల్లల్ని తూస్తున్నాను, ఈ ముక్క అడగాలని నాకు తోచలేదు." తర్వాత నన్ను చూశాడు, ఎందుకో. "మనిద్దరికీ తోచలేదు, కిషన్."

కార్తీక్ ఫోన్ తీసి ఫారం తెరిచాడు. ముగ్గురి పేర్లు పంపాలి. మొదట ఎవరిది కొట్టమంటారని అడిగాడు.

"సునందది కొట్టు" అన్నాడు సార్.

ఇంటిపేరు, వయసు, రక్తం గ్రూపు ఒక్కొక్కటే అడిగి కొడుతుంటే ఆమె కాటా మీదే నిలబడి చెప్పింది. దిగమని ఎవరికీ తోచలేదు. చివరికి దిగి, నా క్యానులో మిగిలిన నీళ్లు బాటిల్లో నింపుకొని, సార్‌ను అడిగింది.

"పోటీ కాడ బాత్‌రూంలు ఉంటయా సార్, పోయేతందుకు?"

"ఉంటాయమ్మా. వందమందికి ఆరు పెడుతున్నారట. నీళ్లతో సహా."

"వందమందికి ఆరా!" అంది సునంద.

"గట్లయితే నా పేరు గూడ రాయి బిడ్డా" అంది లక్ష్మీనర్సమ్మ కార్తీక్‌తో. "ఈత రాదు నాకు. ఒడ్డు మీద కూసుంట."

ఒంటిగంట కావస్తోంది. బడులు తెరిచే రోజులు, యూనిఫాంల గిరాకీ. సునంద సైకిలెక్కి, ఒక చేత్తో హ్యాండిల్, ఇంకో చేత్తో బాటిల్ పట్టుకొని తాగుతూనే అబిడ్స్ వైపు పోయింది.